రెండు గంటల జెండా

కరకట్ట మీద పెట్టిన ఎర్ర డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి మళ్ళగానే ఎండ సూటిగా కళ్ళలో పడింది. సగం అయిపోయింది, ఇంకా సగం ఉంది, రెండూ ఒకటే లెక్క, అయినా మొదటిది అనుకుంటే కాళ్ళు తేలికవుతాయి, రెండోది అనుకుంటే మోకాళ్ళలో నీళ్ళు చేరతాయి, ఇదేం మనసో అనుకుంది సింధూరి, ఎవరి మాటైనా వింటుంది గానీ నా మాట వినదు. తెల్లారకముందే పున్నమి ఘాట్ దగ్గర బయల్దేరి, ఫ్లైఓవర్ ఎక్కి దిగి, బ్యారేజీ దాటి, సీతానగరం దగ్గర కరకట్ట ఎక్కి ఇంతదూరం వచ్చారు, ఇక అదే దారిన వెనక్కి పోవడమే. హాఫ్ మారథాన్, ఇరవయ్యొక్క కిలోమీటర్ల పరుగు, ఆమెకు కొత్త కాదు, ఇది ఐదోది. కొత్తగా కావలసింది ఒక్కటే, రెండు గంటల లోపు ఘాట్ దగ్గర గీత దాటడం, ఒక్కసారి, ఒకే ఒక్కసారి. ఆ రెండు గంటలూ కంటికెదురుగానే ఉన్నాయి, అరటితోటల మలుపులో ఊగుతూ పోతున్న పసుపు జెండా మీద అంకె వేసి మరీ ఉన్నాయి. జెండా వీపుకు కట్టుకుని పరిగెడుతున్నది వేదవ్యాస్ గారు, పటమట రన్నర్ల గుంపులో పెద్దమనిషి, బ్యాంకు మేనేజరు, సరిగ్గా రెండు గంటలకు ఓ అరనిమిషం ముందు గీత దాటించే పేసర్. ఆయన వెనకాలే ఉంటే చాలు, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఆయన వెనకాలే ఉండొచ్చు కూడా, ఈ కాళ్ళకి ఆ సత్తా ఉంది, కానీ పక్కన వదిన ఉంది.

గట్టిపడాల్సింది మనసు మేడం, కాళ్ళు కాదు, అన్నారు వేదవ్యాస్ గారు వానాకాలం చివర్లో, పదిహేడో కిలోమీటరు దగ్గర కాలు ఆగదు, మనసు ఆగుతుంది. లెక్చరర్ కదా, ఆ మాటని సింధూరి సిలబస్ లాగా తీసుకుంది. ఫోన్లో ఎవరెవరో చెప్పే పాఠాలు వింది. పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుంది. పాటలు వినకుండా పరిగెత్తింది. ఎండెక్కాక ఏలూరు కాలవ గట్టు మీద పరిగెత్తింది, గేదెల్ని తోలుకెళ్ళే ముసలాయన ఎవరు తరుముతున్నారమ్మా అని అడిగినా నవ్వకుండా పరిగెత్తింది. అన్నిటికంటే పెద్ద సాధన సాయంత్రం బాల్కనీలో కూర్చోవడం, చేతి మీద దోమ వాలితే కొట్టకుండా చూస్తూ ఉండడం. అది తాగి, బరువెక్కి, లేవలేక లేచి పోయేదాకా ఓర్చుకోవడం. నీకేమైనా పిచ్చా అన్నాడు భర్త దుర్గాప్రసాద్, పటమటలో ఎరువుల కొట్టు చూసుకునే మనిషి, పురుగుల మందు అమ్మే ఇంట్లో దోమల్ని మేపుతున్నావా అన్నాడు. ఎంత నవ్వుకున్నారో ఆ రోజు. కానీ నిజంగా, దోమ విషయంలో గట్టిపడింది, చన్నీళ్ళ విషయంలో గట్టిపడింది, నొప్పి వస్తే రానీ అనుకునేంత గట్టిపడింది. గట్టిపడనిది ఒక్కచోటే. వద్దండీ అనాల్సిన చోట, నేను వెళ్ళొస్తానండీ అనాల్సిన చోట. మొహమాటం. దానికి ఏ వీడియోలోనూ పాఠం లేదు.

నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు సింధూ, అంది వదిన పక్కనుంచి.

అబ్బే, లేదండీ, బానే ఉంది, అంది సింధూరి, అని అడుగు కాస్త నెమ్మది చేసింది. ఎందుకంటే ఆ ఇంట్లో ఆ మాటకు అర్థం అది కాదు. పదిహేనేళ్ళ కాపురంలో నేర్చుకుంది. మీకు ఆకలేస్తోందా అని అడిగితే అడిగినవాళ్ళకి ఆకలేస్తోందని, ఎండగా ఉంది కదండీ అంటే ఆటో పిలవమని, నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు అంటే నాకు ఇబ్బందిగా ఉంది, నా నోటితో చెప్పించకు అని. వదినకి నలభయ్యెనిమిదేళ్ళు. కృష్ణకుమారి అంటే పటమటలో బట్టలకొట్ల వాళ్ళందరికీ తెలుసు, బ్లౌజులు కుట్టించే పని మొదలెట్టి పదిమందికి పని చూపించిన మనిషి, దుర్గాప్రసాద్ అక్క. సింధూరి నాన్న పోయాక ఆర్నెల్లు మంచం దిగకుండా పడుకుంటే, ఓ తెల్లవారుజామున వచ్చి, ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా, కొత్త బూట్ల డబ్బా మంచం మీద పెట్టి, కాళ్ళు ఇలా పెట్టు అని తనే లేసులు కట్టింది. ఆ రోజు కాలవ గట్టున ఓ కరెంటు స్తంభం నుంచి ఇంకో కరెంటు స్తంభం దాకా, అంతే. పరుగు అలా మొదలైంది. ఆ చేతులు కట్టిన లేసులతో ఆ మనిషినే వెనకేసి పోవడమా? నాలుగు రేసుల్లోనూ అందుకే పక్కపక్కనే పరిగెత్తారు, చేతులు పట్టుకుని గీత దాటారు, దుర్గాప్రసాద్ ఫొటో తీశాడు, వదినామరదళ్ళంటే ఇలా ఉండాలి అని చుట్టాలందరూ వాట్సాప్‌లో దణ్ణాలు పెట్టారు. ఆ ఫొటోలన్నిట్లో సింధూరి నవ్వుతూ ఉంటుంది, గడియారం మాత్రం రెండు గంటలు దాటి చాలాసేపై ఉంటుంది.

ఉండవల్లి దగ్గరపడేకొద్దీ నది మీద మంచు విడుతోంది. ఎడమపక్క నీళ్ళు, కుడిపక్క కాకరపాదులు, పందిళ్ళ కింద ఎవరో కాయలు కోస్తూ తలెత్తి చూస్తున్నారు, ఆదివారం పూట ఇంతమంది ఎందుకిలా ఆయాసపడుతున్నారో అన్నట్టు. జెండా ఇందాకటికంటే చిన్నదైంది. వదిన ఊపిరి చెవికి తగులుతోంది, అలసిన ఊపిరి కాదే, అనిపించింది ఒక్క క్షణం, మరీ నెమ్మదిగా, ఓపిగ్గా ఉంది, కానీ వదిన ఓర్చుకునే మనిషి, పురుటినొప్పులప్పుడు కూడా పక్కమంచం మనిషికి ధైర్యం చెప్పిందట, బయటపడుతుందా? పాపం. పాపం అనుకోగానే పరుగు మరో రవ్వ తగ్గింది. కాళ్ళు ఊరికే ఉండనంటున్నాయి, పగ్గం బిగించి పట్టుకున్న దూడల్లాగా గుంజుతున్నాయి, పిక్కల్లో బలం ఉండిపోతోంది, ఖర్చు కాకుండా మిగిలిపోతోంది, మిగిలిపోయిన బలం నొప్పికంటే చికాకు పెడుతుందని ఎవరూ చెప్పరేం. తాతయ్య అయితే ఏమనేవాడు? ఆయనకి పరుగంటే తెలీదు, పంక్తి అంటే తెలుసు.

కంకిపాడు ఇంట్లో పెళ్ళైనా, తద్దినమైనా, ఊరికే పదిమంది కలిసినా వెంకటప్పయ్య తాతయ్య పంక్తికి పెద్ద. పంక్తిలో కూర్చున్నాక చివరివాడి విస్తరి ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే తినేవాళ్ళని లేపినట్టే, అన్నం దగ్గర మనిషిని తొందరపెట్టినట్టే, అంతకంటే తప్పు లేదు. అందుకని తాతయ్య ముందే తినడం అయిపోయినా విస్తట్లో ఓ ముద్ద మజ్జిగన్నం ఉంచుకునేవాడు, దాన్ని వేలితో ఇటు జరిపి అటు జరిపి, తింటున్నట్టు నటించేవాడు. ఓసారి గన్నవరం నుంచి వియ్యంకుడు రత్తయ్య గారొచ్చారు. పంక్తంతా ముగిసింది. ఈయన విస్తట్లో ముద్ద, ఆయన విస్తట్లో ముద్ద. ఈయన జరుపుతాడు, ఆయన జరుపుతాడు. నిదానంగా కానివ్వండి బావగారూ అంటాడు ఈయన, మీరు కానివ్వండి అంటాడాయన. చేతుల మీద మజ్జిగ ఎండి తెల్లగా పొలుసు కట్టింది, ఈగలు ముసిరాయి, పిల్లలందరూ చెయ్యి కడుక్కోకుండా ఆటకు పోలేక కూర్చున్నారు, నానమ్మ బుల్లెమ్మ వచ్చి ఇద్దరి విస్తళ్ళూ లాగేసేదాకా అలాగే ఉన్నారు. అప్పుడు సింధూరికి ఎనిమిదేళ్ళు. పెద్దతనం అంటే అది అనుకుంది. చెయ్యి ఎండేదాకా కూర్చోవడం. ఇంకొకళ్ళ కోసం ఆకలి తీరనట్టు నటించడం.

కూర్చుంది మరి. లెక్కపెడితే ఎన్నిచోట్ల కూర్చుంది. యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటొస్తే, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఇప్పుడెలా వెళ్తానండీ అని తనే అనేసింది, వెళ్ళొద్దని ఎవరూ అననేలేదు. గన్నవరం కాలేజీలో డిపార్ట్‌మెంట్ హెడ్‌గా ఉంటారా మేడం అని కరస్పాండెంట్ గారు అడిగితే, నాకంటే సీనియర్ రమాసుందరి గారున్నారు కదండీ, ఆవిడకివ్వండి అంది, ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. రమాసుందరి గారు ఇప్పటికీ టైంటేబుల్ వెయ్యలేక తననే పిలుస్తారు. అన్నీ ఇంకొకళ్ళ కోసమే. అలా అనుకుంటే కడుపులో ఒక మంటా, దాని పక్కనే ఓ చల్లదనమూ ఉంటాయి. నేను చెయ్యలేక కాదు, నన్ను చెయ్యనివ్వలేదు. ఆ చల్లదనాన్ని సింధూరి ఎప్పుడూ తడిమి చూసుకోలేదు, అది అక్కడ ఉందని మాత్రం తెలుసు.

నీళ్ళబల్ల దగ్గర వాలంటీర్‌గా నిలబడ్డ సుస్మిత, కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే అమ్మాయి, మేడం ఒక్క సెల్ఫీ అంది. ఒద్దు. ఒద్దు అను. దోమ కుట్టినా కదలనిదానివి, ఒద్దు అని ఒక్క మాట అనలేవా. సింధూరి ఆగింది. నవ్వింది. వదినా ఆగింది, నవ్వింది. ఫోను కాస్త పైకెత్తమంది సుస్మిత, ఎండ అడ్డం వస్తోందండీ, ఇటు తిరగండి. ఇటు తిరిగారు. మళ్ళీ కదిలేసరికి జెండా సీతానగరం మలుపు తిరిగిపోయి ఉత్త రోడ్డు కనిపించింది, ఆ ఉత్త రోడ్డు చూసి సింధూరికి ఎంత కోపం వచ్చిందంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. సుస్మిత మీద, వదిన మీద, పోయిన తాతయ్య మీద, ఎండిన మజ్జిగ మీద, అందరి మీదా. నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు సింధూ, అంది వదిన మళ్ళీ.

బ్యారేజీ ఎక్కగానే గాలి. డిసెంబరు గాలి అంత వెడల్పు నీళ్ళ మీద నుంచి వచ్చి పక్కటెముకల్లో కొట్టింది, నంబరు కాయితం రెపరెపలాడింది. గేట్లు ఒకదాని తర్వాత ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి, ఎంత పరిగెత్తినా అవే గేట్లు. ఎదురుగా కొండ మీద దుర్గమ్మ గుడి, దాని కింద ఘాట్లు, స్నానాలు చేసేవాళ్ళు చీమల్లాగా ఉన్నారు. గుడికి దణ్ణం పెట్టుకుందామనుకుని, ఏమని పెట్టుకోవాలో తెలియక ఊరుకుంది. అమ్మా, మా వదిన ఆగిపోయేలా చెయ్యి అనా? ఛీ. జెండా మళ్ళీ కనిపించింది, బ్యారేజీ మీద ఇరవై గేట్ల అవతల, పసుపు చుక్కలాగా. ఇప్పుడు కదిలితే ఏమో, ఇంకో పది గేట్లు దాటాక కదిలితే లేదు. పదిహేడో కిలోమీటరు బోర్డు పక్కనుంచి పోయింది. మనసు ఆగేచోటు ఇదేనన్నారు కదా వేదవ్యాస్ గారు, ఇక్కడే ఆగుతోంది, ఆయన చెప్పినట్టు నొప్పి దగ్గర కాదు, ఓ మాట దగ్గర ఆగుతోంది. చెబితే ఏమవుతుంది? వదిన మొహం చిన్నబోతుంది. దుర్గాప్రసాద్ ఘాట్ దగ్గర ఇద్దరి కోసం ఫోను పట్టుకుని నిలబడి ఉంటాడు, ఒక్కతే వస్తే అక్కేదీ అంటాడు. పండక్కి అందరిలో ఎవరో ఒకరు అంటారు, నడక నేర్పినమ్మని వదిలేసి పోయిందట అని. అననీ. అంటే అననీ. చెయ్యి ఎండిపోయింది, ఇక కూర్చోలేను.

వదినా, అంది. నేను ముందు వెళ్తానండీ.

వదిన నాలుగడుగులు పక్కనే పరిగెత్తింది. ఆ నాలుగడుగుల్లో సింధూరి మళ్ళీ లేదులెండి, కలిసే వెళ్దాం అని అనబోయింది, మాట పెదాల దాకా వచ్చింది.

"ఈ మాట నీ నోట్లోంచి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నానే నాలుగు రేసులనించీ" అంది వదిన. "ఇబ్బందిగా ఉంటే చెప్పు, ఇబ్బందిగా ఉంటే చెప్పు అని అడుగుతానే ఉన్నా. నువ్వేమో బానే ఉందంటావు, అడుగేమో తగ్గిస్తావు. పిల్లకి కాళ్ళు రావట్లేదు కాబోలు, వదిలేసి పోతే ఏమనుకుంటదో, తమ్ముడేమనుకుంటాడో అని బిగబట్టుకుని చస్తన్నా."

"నేను మీ కోసమండీ" అంది సింధూరి.

"తెలిసిందిలే ఇప్పుడు" అంది వదిన, నవ్వింది, అంతే, ఆ నవ్వు అక్కడే ఉంది, మనిషి లేదు.

మనిషి లేదు, నిజంగా, మోచేతులు దగ్గరికి తీసుకుని, తల కాస్త వంచి, నలభయ్యెనిమిదేళ్ళ మనిషి రెండు గేట్ల దూరం పోయింది, మూడు గేట్ల దూరం పోయింది. బూట్ల మడమలు తెల్లగా లేస్తున్నాయి. అలసిన ఊపిరి కాదే అనిపించింది కదా ఇందాక. వెళ్తానన్నది తను, వెళ్ళింది వదిన. సింధూరికి ముందు నవ్వొచ్చింది, ఇద్దరు వియ్యంకులు, రెండు ముద్దలు, నాలుగు రేసులు. ఆ వెంటనే భయమేసింది, చాలా భయమేసింది, చన్నీళ్ళకీ దోమలకీ లొంగని భయం. ఎందుకంటే పక్కన ఇప్పుడు ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ ఓ మనిషి ఆకారంలో పక్కన పరిగెత్తింది వదిన కాదు, తన సాకు. అది లేకపోతే గాలి నేరుగా తగులుతోంది. పీహెచ్‌డీకి ఎవరు వద్దన్నారు? ఎవరూ వద్దనలేదు. హెడ్ చేస్తామంటే రమాసుందరి గారు అడ్డం పడ్డారా? పాపం ఆవిడకి తెలియను కూడా తెలియదు. చెయ్యలేనేమోనని భయం, సీటులో కూర్చున్నాక నీకేమీ రాదే అని బయటపడుతుందేమోనని భయం, దానికి మొహమాటం అని పేరు పెట్టుకుని, అందరూ మెచ్చుకుంటుంటే నవ్వుతూ ఫొటోలు దిగింది. ఆ చల్లదనం ఏమిటో ఇప్పుడు తెలిసింది. పరుగెత్తు మరి. ఇప్పుడు పరుగెత్తు. ఎవరు ఆపుతున్నారు నిన్ను?

బ్యారేజీ దిగి ఫ్లైఓవర్ ఎక్కే వాలు దగ్గర తెలిసింది నొప్పి అంటే ఏమిటో. పొద్దున బయల్దేరినప్పుడు ఈ వాలు ఉన్నట్టే తెలియలేదు. ఇన్నాళ్ళూ మిగుల్చుకున్న బలం, పిక్కల్లో గుంజుతున్న బలం, ఓ ఫర్లాంగులో ఖర్చయిపోయింది, అంతేనా, అంతే ఉందా, దీనికేనా ఇంత గర్వపడింది. ఎడమ పిక్క కొయ్యబారింది. నోట్లో ఇనప రుచి. ఆగు అంది మనసు, మొదటిసారి ఎవరి పేరూ చెప్పకుండా అంది, వదిన కోసం ఆగు అనలేదు, ఊరికే ఆగు అంది, నడువు, ఎవరు చూస్తారు. ఈ ఆగు ఎంత నిక్కచ్చిగా ఉందో. దీనితో మాట్లాడొచ్చు. ఇది దోమలాంటిదే, వాలింది, కుడుతోంది, కుట్టనీ, తాగనీ, బరువెక్కి అదే లేచిపోతుంది. ఆ కరెంటు స్తంభం దాకా. సరే, ఆ తర్వాత స్తంభం దాకా. వదిన కట్టిన లేసులు. ఆ తర్వాతది. కొండ ఎడమకి తప్పుకుంటోందా, కుడికా, ఏది ఎటుందో తెలియడం లేదు, నాన్న గుర్తొచ్చాడు, నాన్న మొహం కాదు, స్కూటరు ఆపి చెప్పు విప్పి రాయి దులుపుకునే నాన్న, ఎందుకో మరి. జెండా పెద్దదవుతోంది. కళ్ళలోకి చెమట దిగి జెండా రెండుగా కనిపించింది, రెండింటి వెనకా పరిగెత్తింది. వదిన జెండాని దాటేసింది. వదిన వెనక్కి తిరిగి చూడలేదు, ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే తను ఆగిపోయేదని వదినకి తెలుసేమో. చూడనందుకు సింధూరికి ఏడుపొచ్చేంత ప్రేమ పుట్టింది, ఆ ప్రేమతో ఫ్లైఓవర్ దిగింది, ఘాట్ వైపు తిరిగింది, జనం, డప్పులు, అక్కడ దుర్గాప్రసాద్ ఫోను ఎత్తి పట్టుకుని ఎటు తిప్పాలో తెలియక దిక్కులు చూస్తున్నాడు. గీతకి పైన గడియారం. ఎర్ర అంకెలు. ఆ అంకెలు చూస్తుండగానే మారాయి, ఒకటి పోయి రెండైంది, తర్వాత అన్నీ సున్నాలు.

ఇంకా గీత రాలేదు. పరిగెడుతూనే ఉంది.

రెండు గంటల మీద పదకొండు సెకన్లు. టైము అచ్చేసిన చిట్టీ తీసి ఇచ్చే అమ్మాయి చూపించింది. సెల్ఫీ దగ్గర పోయాయి అని ఓ మాట లోపలినుంచి లేచింది, పాత అలవాటు. ఫొటోకి నవ్వింది ఎవరు? ఆ పదకొండు సెకన్లూ తనవే, వదినవి కావు, సుస్మితవి కావు, తాతయ్యవి కావు. మోకాళ్ళ మీద చేతులాన్చి వంగి ఊపిరి పీలుస్తుంటే దుర్గాప్రసాద్ వచ్చి మీరిద్దరూ ఏమైనా అనుకున్నారా అన్నాడు కంగారుగా, ఇద్దరూ విడివిడిగా వస్తే అతనికి అదొక్కటే తోచింది. లేదండీ, పరిగెత్తాం, అంది.

ఘాట్ మెట్ల మీద టిఫిన్లు పెడుతున్నారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరసగా కూర్చుని తింటున్నారు. వదిన అప్పటికే కూర్చుని ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి సింధూరి కోసం ఆగలేదు, ఆకులో రెండిడ్లీలు అయిపోయి మూడోది పెట్టించుకుంటోంది. ఎంతలో పోయింది అని సింధూరిని అడిగింది. చెప్పింది. వదిన అయ్యో అనలేదు, పర్లేదులే అనలేదు, వచ్చేసారి బ్యారేజీ దాకా ఆగకు అంది, అని పచ్చడి వేయించుకుంది. సింధూరి పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది, గబగబా తినేసింది, అంత ఆకలి ఎప్పుడూ వెయ్యలేదు. తన ఆకు ఖాళీ అయింది. వదిన మూడో ఇడ్లీ సగంలో ఉంది, పక్కామెతో మాట్లాడుతూ నిదానంగా తింటోంది. సింధూరి వేలు దానంతటదే ఆకు మీద మిగిలిన పచ్చడి చుక్కని ఇటు జరిపింది, అటు జరిపింది. చెయ్యి ఎండుతోంది. కింద మెట్ల దగ్గర నది, కడుక్కోవడానికి అంత నీళ్ళు.

లేచింది. వదిన తలెత్తి చూసి, మళ్ళీ తినసాగింది.